రెండో సున్న

బడి ఆయా లచ్చమ్మ పిల్లల ఆటకు సున్న గీస్తున్నప్పుడు పక్కన నిలబడి మాట్లాడకూడదు. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు. పెద్దసారు పిలిచినా సరే, మేకు చుట్టూ తాడు పట్టుకుని వంగి తిరుగుతున్నంతసేపూ ఆమె పలకదు. వేళ్ల సందుల్లోంచి ముగ్గుపిండి సన్నటి దారంలా జారుతూ ఉంటుంది. మొదలుపెట్టిన చోటికే వచ్చి గీతకు గీత కలిసిన తర్వాత, నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచి, "ఆఁ, ఇగ జెప్పున్రి" అంటుంది.

అయితే ఆ రోజు గీయాల్సింది బడి గచ్చు మీద కాదు, జనగామ నుంచి వరంగల్ పోయే పెద్ద రోడ్డు మీద. తెలంగాణ కోసం సమ్మె మొదలై పది రోజులు దాటింది. బడికి తాళం పడింది, బస్సులు డిపో గేటు దాటడం లేదు. మూడు రోజులు రోడ్డు మీద బండి కదలకూడదని ఊరంతా టెంటు వేసుకుని కూర్చుంది. దవాఖానకు పోయే బండ్లకు మాత్రం ఒక పక్క దారి వదిలారు. నిన్న అక్కడే పొయ్యిలు పెట్టి రెండు వందల మందికి వండి వార్చారు. ఇవాళ ఏం చేద్దామని టెంటులో వాళ్లు అనుకుంటుంటే డ్రిల్లు సారు దేవేందర్ ముందుకొచ్చాడు. చక్రాల బూట్ల పోటీ ఎలాగూ పెట్టాలి. హైదరాబాదులో జరిగే పైపోటీకి జిల్లా నుంచి ఒక్క ఆడపిల్ల పేరు పంపాలి. బడిలో గచ్చు పగుళ్లు తేలింది. ఇక్కడ చూస్తే అద్దంలాంటి రోడ్డు ఖాళీగా పడి ఉంది.

"పిల్లలు రోడ్డు మీద ఆడిన్రనుకో, అది గూడ ఉద్యమమేనాయె" అన్నాడు. టెంటులో వాళ్లు నవ్వి సరేనన్నారు.

ఎటొచ్చీ, సున్నలు గీసే నైలాను తాడు బడిలోనే ఉండిపోయింది. లచ్చమ్మ ఇంటికి పోయి, మంచం అల్లడానికి తెచ్చిపెట్టుకున్న కొత్త నులక చుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. చేత్తో పదిహేను జానలు కొలిచి ముడి వేసింది. ఆమె జానకు ఆమె జానే కొలత. ఆరేండ్లుగా ఆ పిల్లలకు సున్నలు గీస్తున్నది ఆ చెయ్యే. రోడ్డులో మేకు దిగగొట్టి మొదటి సున్న గీసింది. ముద్దుగా వచ్చింది. నల్లటి తారు మీద తెల్లటి గీత చూసి టెంటులో ఆడవాళ్లు కూడా లేచి వచ్చారు.

రెండో సున్న పడాల్సిన చోట నిన్నటి పొయ్యిల బూడిద ఉంది. బూడిద మీద ముగ్గు వేస్తే నిలవదు. అదీ కాక, నీళ్లు చల్లని నేల మీద ముగ్గు వేయడానికి ఆమెకు చెయ్యి రాదు. రెండు బిందెల నీళ్లు కుమ్మరించి చీపురుతో బరబరా తోసింది. నులక ముక్క అక్కడే ఓరకు పడి ఉంది. నల్లటి నీళ్లు దాన్ని తడుపుకుంటూ పోయాయి.

"అవ్వా, జడ్జి సారొచ్చే యాళ్లయింది, జర జల్ది" అని దేవేందర్ తొందరపెట్టాడు.

ఆమె నులకను పిండి, దులిపి, మేకుకు తగిలించి రెండో సున్న గీసింది. ఎండ చురుక్కుమంటున్నది. గంటలో రోడ్డు ఆరిపోయింది.

జడ్జీలు ముగ్గురు రావాలి. బస్సుల్లేక ఇద్దరు ఆగిపోయారు. మూడో ఆయన రాజమౌళి, డ్రిల్లు సారుగా చేసి దిగిపోయిన మనిషి. భూపాలపల్లి దగ్గరి ఘనపూర్ నుంచి స్కూటరు మీద ఊరూరా దిగి, ఆపిన చోటల్లా ఉద్యమం వాళ్లకు సంగతి చెప్పుకుంటూ వచ్చాడు. మందపాటి అద్దాలు, ఇస్త్రీ నలగని తెల్లంగి. దిగీ దిగగానే రోడ్డు మీద కూర్చుని గీతను వేలితో తాకి చూశాడు. "ఎవలు గీసిన్రో గని సన్నగ గీసిన్రు" అన్నాడు. లచ్చమ్మ కొంగు సర్దుకుంది.

పోటీకి ఎనిమిది మంది పిల్లలు వచ్చారు గానీ, అసలు పోటీ ఇద్దరికే. ఒకతె శ్రీలత. వాళ్లమ్మ సులోచనకు బజారులో బట్టల దుకాణం ఉంది. పిల్లకు హైదరాబాదు నుంచి తెల్ల బూట్లు తెప్పించింది. ఇంకొకతె సుమ. మానుకోట దగ్గరి తండా పిల్ల. జనగామలో హాస్టలులో ఉండి చదువుతున్నది. ఆమె బూట్లు పై తరగతి పిల్ల వదిలేసి పోయినవి. ఎడమకాలి చక్రం ఒకటి కిర్రుమంటుంది. సమ్మెకు హాస్టలు ఖాళీ అయినా సుమ తండాకు పోకుండా లచ్చమ్మ ఇంట్లో ఆగింది, ఈ పోటీ కోసమే. నిరుడు ఈమె మొదలు, ఆమె రెండు. అంతకు ముందేడు ఆమె మొదలు, ఈమె రెండు. ఇద్దరూ పదిహేనేళ్ల వాళ్లే, ఒకరితో ఒకరు మాట్లాడరు. బూట్ల దారాలు కట్టుకునేటప్పుడు కూడా ఒకతె రెండోదాని చేతుల వైపు చూస్తూనే ఉంటుంది. రెండోది తనకంటే ముందు కట్టుకుని లేవకూడదని ఇద్దరికీ పంతం.

ఆట చూడ్డానికి తేలిక. ఒంటికాలి మీద ఒక సున్న చుట్టి రావాలి. రెండు సున్నలు కలిసే చోట కాలు మార్చి, రెండోకాలి మీద రెండో సున్న చుట్టాలి. అట్లా మూడుసార్లు. నెట్టుకోకూడదు, ఊగకూడదు, చక్రం గీతను వదలకూడదు. శ్రీలత పోయింది. మొదటి సున్న నీళ్లు పారినట్టు పోయింది. రెండో సున్నలో మోకాలు కొంచెం ఎక్కువ వంచింది, భుజం లోపలికి లాక్కుంది, అయినా గీత వదల్లేదు.

తర్వాత సుమ. మొదటి సున్నలో గీతకు, చక్రానికి సూది సందు లేదు. రెండో సున్నకు మారగానే కాలు గీత బయటికి జరిగింది. పిల్ల కిందికి చూసింది. మళ్లీ తలెత్తింది. మూడుసార్లూ అంతే. గీతకు అరజాన బయట, అటూ ఇటూ కాకుండా, ఒకే తీరుగా తిరిగి వచ్చింది. చక్రం కిర్రుకిర్రుమనే చప్పుడే వినిపించింది.

రాజమౌళి కాగితం మీద రాసుకుని లేచి చదివాడు. శ్రీలతకు ఏడున్నర, సుమకు నాలుగు. పైపోటీకి శ్రీలత పేరు. రేపు పొద్దున కాగితం పట్టుకుని పోతానన్నాడు. సులోచన బిడ్డను వాటేసుకుంది. దేవేందర్ సుమ దగ్గరికి వచ్చి, "ఏమైందే నీకు? కండ్లు మూసుకుని పోయినవా?" అన్నాడు. సుమ బూట్ల దారం విప్పుతూనే ఉంది, తల ఎత్తలేదు.

ఇంటికి పోయే దారిలో పిల్ల ఒక్కటే మాట అంది. "నేను ఎప్పటి లెక్కనే పోయిన అవ్వా. గీతనే తప్పు."

లచ్చమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "గీతెట్ల తప్పయితదే? ఎప్పటి సంది గీస్తున్న నేను! ఓడిపోతే ఓడిపోయిన అనాలె. గీత మీద పెట్టకు."

సుమ ఇంటికొచ్చి బూట్లు గోడకు ఆనించి, చక్రాలకు అంటిన ముగ్గుపిండిని పాతగుడ్డతో తుడిచింది. ఒక్కో చక్రం, ఒక్కో చక్రం. లచ్చమ్మ పొయ్యి ముందు కూర్చుని చూడనట్టు చూసింది. ఏడిస్తే బాగుండు, ఓదార్చొచ్చు అనుకుంది. పిల్ల ఏడవలేదు.

పొద్దు గుంకుతుండగా సుమ వాకిట్లో మంచం వాల్చింది. కూర్చుంటే నేలకు తగిలేంత వదులైంది మంచం. పిల్ల లేచి గాబులోంచి చెంబు ముంచుకొచ్చి, నులక అల్లిక మీద నీళ్లు చల్లింది. తండాలో వాళ్లమ్మ చేసేది అదే, ఇక్కడ లచ్చమ్మ చేసేదీ అదే. కాసేపటికి నులక బిగుసుకుని పట్టెలు టక్కుమన్నాయి.

లచ్చమ్మ చేతిలో రెండో రొట్టె పిండిముద్ద అట్లాగే ఉండిపోయింది.

నీళ్లు పడితే నులక గుంజుకుంటుంది. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి. అవే నీళ్లు, అదే నులక, పొద్దున ఆమె చేతుల్లోనే ఉంది. పదిహేను జానల నులక తడిసి ఎన్ని జానలైందో చూసుకోకుండా సున్న గీసేసింది.

"అవ్వా, రొట్టె మాడుతున్నది" అంది సుమ.

"మాడనీ" అంది లచ్చమ్మ.

తెల్లవారక ముందే ఆమె రోడ్డు మీదికి వచ్చింది. టెంటులో మనుషులు ముసుగులు తన్ని పడుకున్నారు. బండ్లు తిరగలేదు కాబట్టి సున్నలు అట్లాగే ఉన్నాయి. మేకు గుంత దగ్గర మడమ పెట్టి, పాదం ముందు పాదం వేసుకుంటూ గీత దాకా నడిచింది. మొదటి సున్నలో పదమూడు పాదాలు. రెండో సున్నలో పన్నెండున్నర కూడా నిండలేదు. వంగి చూస్తే చిన్న సున్నకు బయట, సుమ చక్రాలు మోసుకుపోయిన పిండి మరకలు మసకమసకగా కనిపించాయి. ఆ మరకలు ఎంత దూరంలో ఉన్నాయో పాదంతో చూసింది. పదమూడు పాదాలు.

పిల్ల సరైన సున్న తిరిగింది. గీసిన గీత తప్పని దాని కాలికి తెలిసింది, గీసిన చేతికి తెలియలేదు.

లచ్చమ్మ రోడ్డు మీద కూలబడింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సాయంత్రం నాలుగింటికి రోడ్డు తెరిస్తే మొదటి లారీ టైర్లకే సున్నలు పోతాయి. చెబితే, ఊళ్లో ఏ పెళ్లికైనా, ఏ పండుగకైనా పిలిచి మరీ ముగ్గు వేయించుకునే చెయ్యి తప్పు గీసిందని అందరికీ తెలుస్తుంది. పైగా సుమ ఉన్నది తన ఇంట్లోనే. ఎవరు నమ్ముతారు?

అయినా లేచింది. ఇంటికి పోయి నులక చుట్టలోంచి కొత్త ముక్క కోసుకుని వచ్చేసరికి రాజమౌళి స్కూటరు తుడుచుకుంటున్నాడు. పక్కన దేవేందర్, సులోచన, శ్రీలత ఉన్నారు. సుమ లచ్చమ్మ వెనకే వచ్చింది గానీ ఎందుకో దానికి తెలియదు.

"సారూ, జర ఆగున్రి. నా రెండో సున్న చిన్నగైంది" అంది లచ్చమ్మ.

దేవేందర్‌కు సగమే అర్థమైంది. సులోచనకు మాత్రం పూర్తిగా అర్థమైంది. "గిది మంచిగున్నది లచ్చమ్మా. నీ ఇంట్ల తిని పండే పిల్ల ఓడిపోంగనే నీ సున్న చిన్నగైందా? గెలిస్తే గింతే ఉండు గద."

"గెలిస్తే నేను సూడకపోదును సులోచనమ్మా. నిజమే" అంది లచ్చమ్మ. "గని ఇప్పుడు సూసిన."

ఆమె రోడ్డు మీద కూర్చుని పదిహేను జానలు కొలిచి ముడి వేసింది. తాడు కొస దేవేందర్‌ను పట్టుకోమంది. మొదటి సున్నకు ముడి సరిగ్గా గీత మీద కూర్చుంది. రెండో సున్నకు ముడి గీత దాటి అరజాన బయటికి, సుమ చక్రాల మరకల మీదికి పోయింది. సులోచన మూతి తిప్పింది. లచ్చమ్మ ఆ ముక్కను బిందెలో ముంచి కాసేపు ఉంచింది. టెంటులో వాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. నులకను పిండి, ఆమె మళ్లీ పట్టింది. ముడి గీత మీదికి వచ్చి ఆగింది.

"నులక మంచం మీద పండేటోనికి గిది తెల్వదా" అని వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు. నలుగురు నవ్వారు. లచ్చమ్మ నవ్వలేదు.

రాజమౌళి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీ మాట నిజమే అవ్వా. గని గీసి ఉన్న గీతకే నేను మార్కులిస్త. శ్రీలత గీత తప్పలే. తప్పు నీదైతే, ఆ పిల్లకెందుకు శిక్ష?"

లచ్చమ్మ తడి నులక చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

"నాకు తెలిసింది సార్."

మాట్లాడింది శ్రీలత. తల్లి వైపు చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "రెండో సున్నల కాలు దానంతటది బయటికే పోవట్టింది. గుంజి గుంజి గీత మీద పెట్టిన. సున్న తక్కువుందని అప్పుడే తెలిసింది. చెప్పలే."

"నువ్వు ఊకో బిడ్డా" అంది సులోచన.

"ఊకుంటే ఏమొస్తదమ్మా? హైదరాబాదుల సున్న పెద్దగనే ఉంటది. సుమ నన్ను జూసి, తప్పు సున్న మీద గెలిచినవని మనసుల అనుకుంటనే ఉంటది. దాన్ని అసలు సున్న మీదనే ఓడగొడత."

సుమ మొదటిసారి నోరు విప్పింది. "సూద్దాం పా."

రాజమౌళి నవ్వు ఆపుకుంటున్నట్టు మీసం మీద వేలు వేసుకున్నాడు. స్కూటరు స్టాండు వేశాడు.

ఈసారి నులక వద్దన్నారు. టెంటు బల్బుకు కట్టగా మిగిలిన కరెంటు తీగ ముక్క తెచ్చారు. అది తడిసినా అంతే, ఎండినా అంతే. వేరేవాళ్లతో గీయిద్దామని సులోచన అంది. శ్రీలత ఒప్పుకోలేదు. మేకు దగ్గర ఒక కొస సుమ పట్టుకుంది, ముడి దగ్గర తీగ వదులు కాకుండా శ్రీలత పట్టుకుంది, ఇద్దరి మధ్యా లచ్చమ్మ వంగి తిరిగింది.

గీయడం అయ్యాక రాజమౌళి, "అవ్వా, చక్రాల మరకలు సదువుడు నాకంటె నీకే ఎక్కువ తెలుసు. నువ్వు గూడ నాతోటి సూడు" అన్నాడు.

"పిల్లది నా ఇంట్ల ఉన్నది సారూ. ఎవలు తిరిగిన్రో నాకు తెల్వద్దు. గటు తిరిగి కూసుంట, తిరుగుడైనంక మరకలు సూస్త."

రాజమౌళి ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే నేను గూడ నీ పక్కన్నే కూసుంట" అన్నాడు. కాలు కింద పెట్టిందీ లేనిదీ చూడ్డానికి దేవేందర్‌ను నిలబెట్టారు.

"కూసుంటే ఏం లాభం?" అంది శ్రీలత. "సుమ చక్రం కిర్రుమంటది. అవ్వ ఆ చప్పుడు నిద్రల గూడ పట్టుకుంటది."

అది నిజమే. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టెంటులోంచి డప్పులు వచ్చాయి. లచ్చమ్మ, రాజమౌళి రోడ్డుకు వీపు పెట్టి, పెళ్లిలో పెద్దవాళ్లలా పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్ల వెనక నాలుగు డప్పులు ఒక్కసారిగా మోగాయి. లచ్చమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. గుండె చప్పుడు కూడా డప్పులో కలిసిపోయింది. ఏమీ వినిపించకపోవడం ఇంత కష్టమని ఆమెకు అంతకు ముందు తెలియదు.

డప్పులు ఆగాయి. ఇద్దరూ లేచి వచ్చి మరకలు చూశారు. రాజమౌళి రాసుకున్నాడు. లచ్చమ్మ గీతలు ఊడ్చి, అదే తీగతో అక్కడే మళ్లీ గీసింది. మళ్లీ వీపు తిప్పారు. మళ్లీ డప్పులు. రెండోసారి ఆమె గొంతుకూర్చుని, దాదాపు నేలకు మొహం ఆనించి, రెండు సున్నల చుట్టూ పాకింది. మోకాళ్లు నొప్పి పెడుతున్నా లేవలేదు.

"చెప్పవ్వా" అన్నాడు రాజమౌళి.

"రెండోసారి తిరిగిన పిల్ల, కాలు మార్చినకాడ ఒక్క వేలంత తడబడ్డది. మిగిలినంత గీత మీదనే ఉన్నది. మొదలు తిరిగిన పిల్లకు మొదటి సున్నల ఎంట్రుక తేడా లేదు. రెండో సున్నల మాత్రం మూడు సార్లు లోపటికొచ్చింది, బొటనవేలంత." ఆమె ఆగింది. "ఒక్కటే దిక్కు వచ్చింది. అది పిల్ల తప్పు గాదు సారూ. నిన్నటి నా చిన్న సున్న ఆ కాలికి పట్టుకున్నది."

అప్పుడు ఎవరూ చెప్పకుండానే రాజమౌళికి తెలిసింది, మొదట తిరిగింది ఎవరో. లచ్చమ్మకూ అప్పుడే తెలిసింది. శ్రీలత మొహం వైపు చూడలేకపోయింది. ఒక పిల్లకు చేసిన తప్పు సరిదిద్దబోతే అది పోయి రెండో పిల్ల కాలు పట్టుకున్నది.

"నాకూ గట్లనే కనవడ్డది" అన్నాడు రాజమౌళి మెల్లగా. కాగితం మీద పాత పేరు కొట్టేసి సుమ పేరు రాశాడు. కింద శ్రీలత పేరు కూడా రాశాడు. పైపోటీకి రెండో పేరు తోడుగా పోవచ్చు, మొదటి పిల్లకు ఏమైనా అయితే ఆడొచ్చు. రైళ్లూ బస్సులూ ఎప్పుడు నడుస్తాయో, ఆ పోటీ ఎప్పుడు పెడతారో తనకే తెలియదని, ఎట్లా చూసినా నెల పట్టొచ్చని చెప్పాడు.

సులోచన ఏదో అనబోయింది. ఆమె నోరు తెరిచేలోపే శ్రీలత లచ్చమ్మ ముందుకొచ్చి గొంతుకూర్చుంది.

"నిన్ననే గద పట్టుకున్నది, నాల్గు రోజులల్ల ఇడిసిపెడతది తియ్యవ్వా" అంది. "నువ్వు పెద్ద సున్న గీస్తనే ఉండు. అంతే."

తర్వాత సుమ వైపు తిరిగింది. మూడేళ్లలో అది సుమతో నేరుగా అన్న మొదటి మాట కావచ్చు. "నువ్వు మాత్రం ఆ చక్రంల నూనె పొయ్యి. దాని చప్పుడుకే నా కాలు ఆగమైతది."

"పొయ్య" అంది సుమ. "నువ్వు ఆగమైతవనే ఉంచిన."

టెంటులో ఆడవాళ్లు కిలకిలా నవ్వారు. సులోచన కూడా తల పక్కకు తిప్పుకుని నవ్వింది.

నాలుగింటికి రోడ్డు తెరుస్తారు. రాజమౌళి స్కూటరు అప్పటికే రఘునాథపల్లి దాటి ఉంటుంది. రెండు వైపులా లారీల వరుస కంటికి ఆనినంత దూరం ఉంది. డ్రైవర్లు లుంగీలు బిగించుకుని ఎక్కి కూర్చుంటున్నారు. సుమ, శ్రీలత రోడ్డు ఓరకు ఎదురెదురుగా కూర్చుని బూట్ల దారాలు కట్టుకుంటున్నారు, ఒకరి చేతుల వైపు ఒకరు చూస్తూనే. లచ్చమ్మ తీగ పట్టుకుని వంగి రెండో సున్న గీస్తున్నది.

టెంటు తాళ్లు విప్పారు. ఎవరో ఈల వేశారు. ముందున్న లారీ హారన్ కొట్టింది. లచ్చమ్మ పలకలేదు. మళ్లీ కొట్టింది. ఆమె వేళ్ల సందుల్లోంచి పిండి దారంలా జారుతూనే ఉంది. దేవేందర్ పిలిచాడు, పలకలేదు. డ్రైవరు కిందికి దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఏమనుకున్నాడో ఏమో, అతనూ నోరు మూసుకుని చూస్తూ ఉండిపోయాడు.

గీతకు గీత కలిసింది. లచ్చమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఆఁ, ఇగ జెప్పు బిడ్డా."

"రోడ్డు తెరిచిన్రు అవ్వా" అన్నాడు డ్రైవరు.

ఆమె పిల్లల వైపు చూసింది. ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"మూడు సుట్లు తిరగనియ్యి. గింత దాక ఆగినోనివి" అంది.

డ్రైవరు వెనక్కి పోయి లారీ ఇంజను ఆపేశాడు.